పటేల్ షాట్ కింద పదిహేడేళ్లు: నిఘా, గోప్యత, పౌరహక్కులపై యువజన కథాసాహిత్యం

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో వీడియో కెమెరా పట్టిన దళిత మహిళా రైతులు దాని కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లకు కెమెరా నేర్పించింది. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది ‘పటేల్ షాట్’. అరుగు మీద కూర్చున్న పటేలుకు నేల మీద కూర్చున్న కూలి మనిషి అట్లాగే కనిపిస్తుంది. కిందినుంచి పైకి తీస్తే అది జీతగాడి చూపు. ఎదుటి మనిషి కళ్లకు సరిసమానంగా కెమెరా నిలిపితే ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనుక ఆ పేరు.

ఈ మూడు పేర్లు సినిమా పాఠాలకే పరిమితం కావు. కూడలిలో స్తంభం మీద బిగించిన సీసీ కెమెరా ఇరవై నాలుగు గంటలూ తీసేది పటేల్ షాటే. ఆ కెమెరా కింద నడిచి కాలేజీకి వెళ్లే పదిహేడేళ్ల పిల్లకు ప్రపంచం ఎట్లా కనిపిస్తుందన్న ప్రశ్న నుంచి గత రెండు దశాబ్దాల్లో ఒక కథాసాహిత్య శాఖ పెరిగింది. భద్రత పేరుతో సాగే నిఘా, మనిషికి తనదంటూ ఉండాల్సిన చాటు, పోలీసు ముందు పౌరుడికి ఉండే హక్కులు దాని వస్తువు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం రాసిన నవలలను అమెరికా గ్రంథపాలకులు ‘యంగ్ అడల్ట్’ సాహిత్యం అని పిలిచారు. తెలుగులో ఈ వయసుకు స్థిరపడిన పేరు లేదు. మన దగ్గర పిల్లలు బాలల పత్రిక కింద పెట్టి నేరుగా పెద్దల నవల అందుకుంటారు. ఆ మధ్య నాలుగైదేళ్ల చదువు ఎటు పోయిందన్నది ఈ వ్యాసం వెతికే సంగతుల్లో ఒకటి.

మార్కస్ కథ

ఈ శాఖకు ఆధారగ్రంథం అనదగినది కోరీ డాక్టరో నవల ‘లిటిల్ బ్రదర్’. టొరంటోలో పుట్టిన ఈ రచయిత దాన్ని 2008లో ప్రచురించాడు. బీహార్‌లోని మోతీహారిలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1949లో ‘1984’ నవలలో సృష్టించిన బిగ్ బ్రదర్‌కు ఎదురుగా నిలబడ్డ తమ్ముడు అని ఆ పేరుకు అర్థం. కథానాయకుడు మార్కస్ యాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువుకునే పదిహేడేళ్ల కుర్రాడు. నగరంలోని వంతెన మీద ఉగ్రవాద దాడి జరిగిన రోజు అతడూ స్నేహితులూ బడి ఎగ్గొట్టి ఆటకోసం బయట తిరుగుతున్నారు. భద్రతా బలగాలు వాళ్లను పట్టుకుపోతాయి. ఫోన్ తెరిచి చూపించనన్నందుకు మార్కస్‌ను అనుమానితుడిగా లెక్కగట్టి రోజుల తరబడి రహస్యంగా నిర్బంధిస్తాయి. విడుదలై వచ్చేసరికి ఊరు మారిపోయి ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఎటు వెళ్తున్నారో ప్రయాణ కార్డుల్లోంచి లెక్క తీస్తుంటారు. మామూలు దారి తప్పి తిరిగినవాణ్ని ఆపి, ఎందుకు తప్పావని అడుగుతారు.

మార్కస్ తిరగబడే తీరులోనే ఈ పుస్తకం విలువ ఉంది. అతడు తుపాకీ పట్టడు. ఆటలాడుకునే యంత్రాల మీద నడిచే రహస్య సందేశ వ్యవస్థను తోటి పిల్లలతో కలిసి నిర్మిస్తాడు. సందేశానికి తాళం ఎట్లా వేస్తారో, ఒక తాళంచెవిని లోకానికంతా ఇచ్చి రెండోది మన దగ్గరే దాచుకుంటే రహస్యం ఎట్లా నిలుస్తుందో నవల ఆగి మరీ వివరిస్తుంది. కథ మధ్యలో పాఠాలేమిటని విసుక్కున్న విమర్శకులు ఉన్నారు. కానీ ఈ నవలలో పాఠమే కథ. తనను చూస్తున్న యంత్రం ఎట్లా పనిచేస్తుందో తెలిసిన క్షణంలోనే ఆ కుర్రాడి భయం సగం పోతుంది.

అందులో ఒక లెక్క ఉంది. దాన్ని జహీరాబాద్ బస్టాండుకు తెచ్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఈ ఊరుంది. కర్ణాటక సరిహద్దు పక్కనే. అక్కడ ముఖాలు గుర్తుపట్టే కెమెరా పెట్టారనీ, నూటికి తొంభై తొమ్మిది సార్లు అది సరిగ్గానే చెబుతుందనీ అనుకుందాం. దాని ముందు నుంచి లక్ష మంది నడిచారు. వాళ్లలో నిజంగా పోలీసులు వెతుకుతున్నవాళ్లు ఇరవై మంది. కెమెరా ఆ ఇరవై మందినీ పట్టుకుంటుంది. మిగిలిన తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై మందిలో నూటికి ఒకరి చొప్పున దాదాపు వెయ్యి మంది మీదికి కూడా తప్పుగా వేలు చూపుతుంది. అంటే పక్కకు పిలిచి నిలబెట్టిన ప్రతి యాభై మందిలో నలభై తొమ్మిది మంది ఏ పాపం తెలియనివాళ్లే. తొంభై తొమ్మిది శాతం అన్న మాట వినగానే ధీమాపడే మనసుకు ఈ లెక్క చెప్పకపోతే, ఆపి నిలబెట్టిన కుర్రాడే నేరస్థుడని చూసేవాళ్లంతా అనుకుంటారు.

‘లిటిల్ బ్రదర్’ 2009లో ప్రొమీథియస్ పురస్కారం అందుకుంది. రచయిత దాన్ని అంతర్జాలంలో ఉచితంగా పెట్టి, వ్యాపారం చేయనంత వరకు ఎవరైనా పంచుకోవచ్చు, ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు అని అనుమతినిచ్చాడు. 2014లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం పెన్సకోలాలో ఒక ఉన్నత పాఠశాల వేసవిలో పిల్లలందరూ చదవాల్సిన పుస్తకంగా దీన్ని ఎంచుకుని, తర్వాత ప్రిన్సిపాల్ ఆ కార్యక్రమాన్నే రద్దు చేశాడు. అధికారాన్ని ప్రశ్నించడాన్ని నవల మెచ్చుకుంటున్నదన్నది ఒక అభ్యంతరం. డాక్టరో, అతని ప్రచురణకర్త కలిసి ఆ బడి పిల్లలకు 200 ప్రతులు ఉచితంగా పంపారు. కొనసాగింపు నవల ‘హోమ్‌ల్యాండ్’ 2013లో వచ్చింది.

ఆ వరుసలోని మిగతావి

దీనికి ముందే పునాది పడింది. లోయిస్ లోరీ 1993లో రాసిన ‘ది గివర్’లో ప్రతి ఇంటి గోడలోంచీ వినే యంత్రం ఉంటుంది; అక్కడి జనం దాన్ని బాధగా కూడా అనుకోరు. ఎం.టి. ఆండర్సన్ 2002లో రాసిన ‘ఫీడ్’ ఇంకా లోతుకు వెళ్లింది. అందులో పిల్లల మెదడులోనే అంతర్జాలం అమర్చి ఉంటుంది. ఏం కొనాలో లోపలి నుంచే ఎవరో చెబుతుంటారు. వయొలెట్ అనే అమ్మాయి ఈ వ్యవస్థను తికమక పెట్టాలని, ఒకదానికొకటి పొంతన లేని వస్తువులు అడుగుతూ తిరుగుతుంది. తన అభిరుచి ఎవరికీ అంతుచిక్కకూడదని ఆమె పట్టుదల. తర్వాత ఆమె మెదడులోని యంత్రం పాడై ప్రాణం మీదికి వస్తుంది. బాగుచేయమని కంపెనీలను ప్రాధేయపడితే, నీ కొనుగోళ్ల తీరు మాకు అర్థం కాలేదు కనుక నీ మీద డబ్బు పెట్టలేం అని జవాబు వస్తుంది. ప్రభుత్వం చూసే చూపుకన్నా వ్యాపారి చూసే చూపు తక్కువ క్రూరం కాదని ఈ ఒక్క సంఘటన చెప్పినంత బలంగా మరో నవల చెప్పలేదు.

అమెరికా మీద 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ముస్లిం పిల్లల అనుభవం నుంచి మరో పాయ పుట్టింది. అన్నా పెరేరా ‘గ్వాంటనమో బాయ్’ (2009)లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌కు చెందిన పదిహేనేళ్ల ఖాలిద్‌ను విచారణ లేకుండా సముద్రాల అవతల జైల్లో పెడతారు. బొంబాయిలో పుట్టి అమెరికాలో పెరిగిన సమీరా అహ్మద్ ‘ఇంటర్న్‌మెంట్’ (2019)లో పదిహేడేళ్ల లైలా అమీన్‌నూ ఆమె తల్లిదండ్రులనూ ఎడారిలోని శిబిరానికి తరలిస్తారు.

గుట్టు ఎవరిది?

తెలుగులోకి వచ్చేసరికి మొదట మాట దగ్గరే చిక్కు వస్తుంది. కోర్టు తీర్పుల అనువాదాల్లో ‘గోప్యత’ అంటున్నాం. పత్రికల్లో ‘వ్యక్తిగత గోప్యత’ అని సాగదీస్తున్నాం. ఇళ్లలో వాడే మాట మాత్రం ‘గుట్టు’. గుట్టుగా బతకడం, గుట్టు బయటపెట్టడం, గుట్టు రట్టు కావడం. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత విననివారు లేరు. అయితే ఆ సామెతలో గుట్టు ఇంటిది, మనిషిది కాదు. బయటివాళ్ల నుంచి ఇల్లు దాచుకునేదే గుట్టు; ఇంటివాళ్ల నుంచి పిల్ల దాచుకునేది ‘దొంగతనం’. అమ్మాయి ఫోనుకు తాళం ఉంటే ఎందుకని అడుగుతారు. డైరీ రాస్తే తెరిచి చూస్తారు. గోప్యత మీద తెలుగులో యువజన నవల రాయబోయేవారు ఎదుర్కోవాల్సిన మొదటి గోడ ఠాణా కాదు, పడకగదికి లేని గడియ.

చట్టం కూడా ఇంతవరకు ఈ వయసును పిల్లల లెక్కలోనే వేసింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతివారినీ బాలలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. కంపెనీలు పిల్లల వెంటపడి ప్రకటనలు చూపకుండా అడ్డుకోవడం అందులోని మేలు. పదిహేడేళ్ల అమ్మాయి ఇంట్లో చెప్పుకోలేని ఆరోగ్య సమస్య గురించి ఎక్కడైనా అడగాలంటే దారేదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

చూసేవాడి పక్షాన పెరిగిన చదువు

తెలుగు పిల్లల చదువుకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1947లో మొదలైన ‘చందమామ’ కథల్లో మంచి రాజు ఎవరు? రాత్రిపూట మారువేషంలో వీధులు తిరిగి, అరుగుల మీద జనం ఏమనుకుంటున్నారో చాటుగా వినేవాడు. వేగులు తెచ్చిన కబుర్లతో న్యాయం చేసేవాడు. జనం మాటలు జనానికి తెలియకుండా వినడం అక్కడ రాజధర్మం. విన్న రాజు మంచివాడు కనుక కథ సుఖంగా ముగుస్తుంది. రాజు మంచివాడు కాకపోతే ఏమవుతుందో అడిగే కథ ఆ వయసు పిల్లలకు తక్కువగా దొరికింది.

కాస్త ఎదిగాక చేతికొచ్చేవి డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అతని సహాయకుడు రాజు కొన్ని తరాల కుర్రకారుకు ఆప్తులు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. అద్దె పుస్తకాల దుకాణాల్లో రోజుకింత అని చెల్లించి తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టి చదివిన నవలలివి. చదివే అలవాటును లక్షల మందికి అంటించిన ఆ రచయితల మేలు పెద్దది; దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ కథలన్నీ వెంటాడేవాడి భుజం మీదుగా చూపినవే. తలుపు పగలగొట్టి లోపలికి దూరేవాడు మనవాడు. లోపల ఉన్నవాడి వైపు నుంచి ఆ తలుపు చప్పుడు ఎట్లా వినిపిస్తుందో తెలుసుకోవాలంటే కుర్రాడు ఇంకో అరలోని పుస్తకం తీయాలి. ఆ అర పెద్దల సాహిత్యం అని రాసి ఉన్న చోట ఉంది.

రెండో అర

అందులో మొదటి పుస్తకం ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. పల్నాటి పుల్లరి సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ దాన్ని జైల్లోనే రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకగానీ పూర్తిగా విముక్తి దొరకలేదు. ఆ నవలలో రామదాసు కుటుంబాన్ని సెటిల్‌మెంటులో పెట్టిన ఘట్టాలను నిఘా కథగా చదవాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేసింది. తర్వాతి కాలంలో వేలిముద్రలు కూడా తీసింది. ఊరు దాటాలంటే అనుమతి, రోజూ ఠాణాలో హాజరు. గుంటూరు ప్రాంతంలోని స్టూవర్టుపురం అట్లా ఏర్పడిన ఊరే. ఆ చట్టం 1952లో రద్దయింది. శాన్‌ఫ్రాన్సిస్కో కుర్రాడి ప్రయాణ కార్డు చరిత్ర నవలలోకి ఎక్కడానికి ఎనభై ఏళ్ల ముందే హాజరు పుస్తకం చరిత్ర తెలుగు నవలలో ఉంది.

జహీరాబాద్‌కు దగ్గరి చరిత్ర నిజాం రాజ్యానిది. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. ఆ రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమల్లో ఉండేది. ముందుగా సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టరాదు. సాహిత్య సభకైనా, గ్రంథాలయ సభకైనా అర్జీ పెట్టి ఎదురుచూడాలి. అటువంటి రోజుల్లో 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జోగిపేటలో జరిగింది. జహీరాబాద్ లాగే జోగిపేట కూడా ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. ఈ జిల్లా పిల్లలకు పౌరహక్కుల పాఠం చెప్పాలంటే బస్సులో వెళ్లి చూపించగల చోటది.

ఆ కాలాన్ని నవలగా మలిచినవారు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లాలో పుట్టి, వంట పనులు చేసుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం జైళ్లలో మగ్గారు. ఆయన ‘ప్రజల మనిషి’ (1955) కథానాయకుడు కంఠీరవం పల్లెలో పెరిగి, వెట్టినీ దొర దౌర్జన్యాన్నీ చూస్తూ, చదువుకుని, జనంలో పడి, జైలుకు వెళ్లే యువకుడు. నేటి ప్రచురణకర్త ఎవరైనా ఈ నవలను కొత్తగా చేతికి తీసుకుంటే యువజన నవల అని అట్ట మీద వేస్తాడు. దొర ఇంటి ముందు ఎవరు ఆగారు, ఎవరింట్లో ఎవరు కూడారు, ఏ పత్రిక ఎవరి చేతిలో కనిపించింది అన్నది పల్లెలో అధికారానికి ఎట్లా చేరుతుందో అందులో చదివితే, కెమెరాలు లేని నిఘా ఎంత గట్టిదో తెలుస్తుంది. గోడలకు చెవులుంటాయన్న మాట అలంకారం కాదని అర్థమవుతుంది. ఆయన ‘జైలు లోపల’ కథలు రాజకీయ ఖైదీల గొప్పలు చెప్పుకోవు. తోటి మామూలు ఖైదీలు ఎందుకు అక్కడికొచ్చారో వింటాయి. నేరం, నేరస్థుడు అనే మాటలను పదహారేళ్ల వయసులో మొదటిసారి తరచి చూసుకోవడానికి తెలుగులో దీనికి మించిన చిన్న పుస్తకం దొరకదు.

విప్లవ రచయితల సంఘం 1970 జూలై 4న ఏర్పడ్డాక ‘ఝంఝ’, ‘మార్చ్’, ‘లే’ సంకలనాలను ప్రభుత్వం నిషేధించింది. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీలో రచయితలు జైళ్లలో ఉన్నారు. ఆ దశ గురించి పెద్దలకు చాలా రాశారు. తండ్రిని తెల్లవారుజామున పట్టుకుపోతే ఆ పూట బడికి వెళ్లాలా వద్దా అని నిలబడిపోయిన పిల్లవాడి కథ పిల్లల అరలోకి రాలేదు.

అర్ధరాత్రి తలుపు తట్టిన కానిస్టేబుల్

నవలకు తీసిపోని కథ ఒకటి న్యాయస్థానంలో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే మనిషి మీద దోపిడీ కేసు సాక్ష్యం లేక వీగిపోయింది. పోలీసులు అయినా హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు కానిస్టేబుళ్లు వచ్చి తలుపు కొట్టేవారు, ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. అతడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరులో మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి సోదాలను కొట్టేశారు, గోప్యత అనే హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదన్నారు. రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు అందుకు ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు తిరుగుతుంటే కాళ్లకు సంకెళ్లు లేకపోయినా మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని భిన్నాభిప్రాయం రాశారు. యాభై అయిదేళ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆయన దారికి వచ్చారు. ఒక తెలుగువాడు ఓడిపోతూ రాసిన మాటలు దేశానికి చట్టమైన ఈ ఘట్టం తెలుగు పాఠ్యపుస్తకంలో ఉండాల్సినది.

హైదరాబాద్ వీధుల్లో

‘లిటిల్ బ్రదర్’లోని సంఘటనలకు హైదరాబాద్‌లో జంటలు దొరుకుతాయి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. కేసులు ఎదుర్కొన్నవాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. కొన్నేళ్లకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ప్రకటించి, వీళ్లు మంచివాళ్లని తెలిపే ధ్రువపత్రాలు ఇచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయి, ఆ కాగితం పట్టుకుని ఉద్యోగానికి వెళ్లిన ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక నవలకు సరిపోయే మనిషి. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ముస్లిం కథల సంకలనం ‘వతన్’ ఆ ఇళ్లలోకి తెలుగు పాఠకుణ్ని తీసుకెళ్లింది. పేలుళ్ల నాటి కుర్రాళ్ల వయసు పాఠకుల కోసమే రాసిన నవల ఇంకా బాకీ ఉంది.

పాతబస్తీలో అర్ధరాత్రి దాటాక అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పోలీసులు ఠాణాకు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేసే కార్యక్రమానికి ఆపరేషన్ చబుత్రా అని పేరు. చందమామ రాజు చాటుగా విన్నది కూడా అటువంటి అరుగు మీది కబుర్లనే. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని అడిగి, తీయనంటే అట్లాగే ఫొటో తీసుకున్నారు. తన ముఖాన్ని ఏ చట్టం కింద తీసుకున్నారని ఆయన తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ముఖం గుర్తింపు సాంకేతికత మీద దేశంలో వచ్చిన తొలి కేసుల్లో అదొకటి. అదే ఏడు అక్టోబరులో నగర పోలీసులు దారిన పోయే యువకుల ఫోన్లు తీసుకుని చాటింగులో గాంజా అన్న మాట కోసం వెతుకుతున్న వీడియో బయటికొచ్చింది. ఫోన్ తెరవనన్న మార్కస్ ఏమయ్యాడో చదివినవాళ్లకు ఆ వీడియోలో కుర్రాడు మాట్లాడకుండా ఫోన్ ఎందుకు చేతికిచ్చాడో విడమర్చి చెప్పక్కర్లేదు.

పుస్తకాలు కూడా సాక్ష్యాలైన రోజు ఒకటుంది. 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో విప్లవ కవి వరవరరావు ఇంటితో పాటు, ఆయన అల్లుడు, ఇఫ్లూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లోనూ సోదాలు జరిగాయి. ఇంట్లో ఇన్ని పుస్తకాలెందుకు, వీటన్నిటినీ ఎందుకు చదువుతారు అని తనను అడిగారని ఆచార్యుడు ఆ తర్వాత విలేకరులకు చెప్పారు. ఏం చదువుతున్నామన్నది మనిషి గుట్టులో అన్నిటికన్నా లోపలిది. అందుకే ఈ సాహిత్యశాఖలో గ్రంథాలయం, గ్రంథపాలకురాలు పదే పదే పాత్రలుగా వస్తారు.

మధ్యలో ఖాళీ అయిన అర

ఆ ఖాళీని నింపడానికి జరిగిన ప్రయత్నాల్లో హైదరాబాద్‌లోని అన్వేషి మహిళా అధ్యయన కేంద్రం చేసిన పని చెప్పుకోదగ్గది. దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లలే నాయకులుగా ఉండే ‘డిఫరెంట్ టేల్స్’ కథల పుస్తకాలు 2008లో, ‘లిటిల్ బ్రదర్’ వచ్చిన ఏడే, తెలుగు, మలయాళం, ఇంగ్లిషు భాషల్లో వచ్చాయి. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు వాటికి రాశారు. కెమెరాల ఊసు వాటిలో లేదు. ఊరి చూపు ఉంది. ఏ వీధిలో ఎవరు చెప్పులతో నడవొచ్చు, ఏ పిల్ల ఎంత చదవొచ్చు అని కాపలా కాసే చూపు. గోగు శ్యామల తాండూరు పక్క పెద్దేముల్ నుంచి వచ్చిన రచయిత్రి. ఆమె వాక్యం జహీరాబాద్ పిల్లలకు ఇంటి మాటే. ఆడపిల్లను జోగినిని చేయాలన్న ఊరి నిర్ణయం నుంచి తప్పించి ఆమెను హాస్టల్‌కు చేర్చిన తండ్రి కథ ఆమె రాసింది. ఊరి చూపు దాటించడానికి ఒక కుటుంబం చెల్లించిన ధర అందులో ఉంది.

ఇంగ్లిషులో సిద్ధార్థ శర్మ ‘ఇయర్ ఆఫ్ ద వీడ్స్’ (2018) కూడా ఇక్కడి పిల్లలకు దగ్గరిదే. ఒడిశాలో కోరక్ అనే గోండు కుర్రాడు సర్కారు బంగళాలో తోటపని చేస్తుంటాడు. ఊరి కొండను గనుల కంపెనీ అడుగుతుంది. పోలీసులు దిగుతారు. చదువులేని కుర్రాడు, అధికారి కూతురు కలిసి కాగితాలు అర్థం చేసుకోవడం మొదలుపెడతారు. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం 12,635 ఎకరాలు తీసుకునే వ్యవహారం ఏళ్లుగా నలుగుతున్నది. నోటీసు, గ్రామసభ, అభ్యంతరం, పరిహారం అనే మాటలు ఆ ఊళ్ల పిల్లలకు పరీక్షల కోసం నేర్చుకునేవి కావు.

మాచనూరు గొంతు

మాట్లాడే హక్కు కోసం నిజంగా ఏళ్లు పోరాడిన చోటు జహీరాబాద్‌కు దగ్గరలోనే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో చెప్పింది. ఆ మాట నమ్మి, యునెస్కో తోడ్పాటుతో మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు స్టూడియో కట్టుకుని యంత్రాలు పెట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. అప్పుడు సామాజిక రేడియో అంటే భద్రతకు ముప్పు అన్న భయం ప్రభుత్వానిది. ఎవరు ఏం మాట్లాడతారో తెలియదు కదా అన్నది ఆ భయం సారం. మహిళలు ఆగలేదు. విత్తనాల సంగతులు, పాటలు, కథలు, గొడవలు, మందులు అన్నీ క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో కూర్చుని వినిపించారు. దాదాపు పదేళ్లు అట్లాగే నడిచింది. 2000లో పస్తాపూర్‌లో జరిగిన సమావేశం నుంచి వెలువడిన ప్రకటన దేశంలో సామాజిక రేడియో ఉద్యమానికి ఒక మైలురాయి. 2006 నవంబరులో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకూ అవకాశమిచ్చింది. 2008 అక్టోబరు 15న 90.4 మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపారు.

ఆ స్టూడియో ఊళ్లోనే సొసైటీ నడిపే పచ్చసాలె అనే బడి ఉంది. పుస్తకంతో పాటు సేద్యం, వడ్రంగం, కుమ్మరం వంటి పనులు నేర్పే బడి. రేడియోలో ముసలమ్మల కథలు రికార్డయ్యే గదికీ పిల్లలు చదువుకునే గదికీ మధ్య దూరం నడకంత. తెలుగులో పదిహేనేళ్లవారికి నిఘా గురించి, దొర చూపు గురించి, అడిగి తెచ్చుకున్న హక్కుల గురించి కథలు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు అక్కడ కావలసినంత సరుకు నిల్వ ఉంది. వెట్టి చూసిన అవ్వలున్నారు. రజాకార్ల మాట విన్నవాళ్ల బిడ్డలున్నారు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన నోటి కథ ఉంది. రాసుకోవడానికి పిల్లల చేతిలో ఫోనుంది.

సామాజిక రేడియో నిబంధనల ప్రకారం ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలల పాటు భద్రపరచి ఉంచాలి, అడిగితే వినిపించాలి. సొంతంగా వార్తలు చదవడానికి అనుమతి లేదు. పక్క ఊళ్లో పోలీసులు వచ్చారని వార్తగా చెప్పడానికి ఆ మైకు పనికిరాదు. కథ చెప్పడానికి మాత్రం ఆ నిబంధన అడ్డు రాదు.